అమెరికా తొలి అధ్యక్షులు, తొలి పార్టీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుకునే బంధువులు, అక్కడి ఎన్నికలు వచ్చినప్పుడల్లా టీవీకి అతుక్కుపోయే మిత్రులు నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. విడివిడిగా చెప్పీ చెప్పీ, చివరికి ఒకచోట రాసి పెట్టాను. 1789లో వాషింగ్టన్ ప్రమాణ స్వీకారం నుంచి 1830ల చివర దాకా ఇందులో ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టి చదివినా ఇబ్బంది లేదు. తీర్పులు చెప్పినచోట అవి నావి. మీరు ఒప్పుకోకపోయినా నాకు అభ్యంతరం లేదు.

## పార్టీలు పుట్టక ముందు, పుట్టినప్పుడు

అమెరికా రాజ్యాంగంలో పార్టీల ఊసే లేదంటారు, నిజమేనా?

నిజమే. 1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగంలో పార్టీ అన్న మాటే కనిపించదు. మరచిపోయి వదిలేసింది కాదు. ఆ తరం దృష్టిలో పార్టీ అంటే ముఠా, ఇంగ్లండ్ రాజకీయాలకు పట్టిన జబ్బు. అధ్యక్ష ఎన్నికను కూడా పార్టీలు ఉండవన్న నమ్మకం మీదే కట్టారు. ఒక్కో ఎలక్టర్ (అధ్యక్షుణ్ని ఎన్నుకోవడానికి రాష్ట్రం తరఫున ఓటు వేసేవాడు) ఇద్దరి పేర్లు రాస్తాడు. అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవాడు అధ్యక్షుడు, రెండోవాడు ఉపాధ్యక్షుడు. ఆ ఏర్పాటు పట్టుమని నాలుగు ఎన్నికలు కూడా తట్టుకోలేదు.

మన రాజ్యాంగంలోకి కూడా రాజకీయ పార్టీల ప్రస్తావన 1985లోనే, ఫిరాయింపులను ఆపడానికి తెచ్చిన 52వ సవరణతో వచ్చింది. అయితే మనవాళ్లు రాసేనాటికి పార్టీలు కళ్లెదుటే ఉన్నాయి. అమెరికావాళ్లు మాత్రం అవి లేవనుకుని, రాకూడదని కోరుకుని రాశారు.

వాషింగ్టన్‌ది ఏ పార్టీ?

పేరుకు ఏ పార్టీ కాదు. 1789లోనూ 1792లోనూ ఓటు వేసిన ఎలక్టర్లందరూ ఆయన పేరు రాశారు. ఆ ఘనత మరెవరికీ దక్కలేదు. కానీ పెద్ద తగాదాలు వచ్చినప్పుడు ఆయన మొగ్గు ఎక్కువగా ఆర్థిక మంత్రి హామిల్టన్ వైపే ఉండేది. విదేశాంగ మంత్రి జెఫర్సన్ విసిగిపోయి 1793 చివర పదవి వదిలాడు.

1796 సెప్టెంబరులో వెలువడిన వీడ్కోలు సందేశంలో వాషింగ్టన్ పార్టీ తత్వం దేశాన్ని చీలుస్తుందని గట్టిగా హెచ్చరించాడు. దాన్ని ఆయన ఏ సభలోనూ చదవలేదు, పత్రికలో అచ్చు వేయించాడు. ఆ సందేశం రాతలో పెద్ద చెయ్యి హామిల్టన్‌ది. పార్టీలు వద్దన్న మాటకు మెరుగులు దిద్దింది ఒక పార్టీకి తలకాయ లాంటివాడన్నమాట.

హామిల్టన్, జెఫర్సన్ అసలు దేని కోసం పోట్లాడుకున్నారు?

మొదట అప్పుల కోసం. స్వాతంత్ర్య యుద్ధానికి కేంద్రం చేసిన బాకీ 5 కోట్ల డాలర్లు దాటింది, రాష్ట్రాల బాకీ రమారమి రెండున్నర కోట్లు. రాష్ట్రాల అప్పును కూడా కేంద్రమే నెత్తిన పెట్టుకోవాలని 1790లో హామిల్టన్ ప్రతిపాదించాడు. అప్పు ఎవరు తీరుస్తారో ధనవంతులు వారి క్షేమమే కోరుకుంటారన్నది ఆయన లెక్క. అప్పటికే తన బాకీలో చాలా భాగం తీర్చుకున్న వర్జీనియా మండిపడింది. ఇంకో పుండు కూడా ఉంది: యుద్ధంలో జీతానికి బదులు సైనికులకు ఇచ్చిన పత్రాలను చాలామంది కడుపు నిండక కారుచౌకగా అమ్ముకున్నారు. ఇప్పుడు పూర్తి విలువ చెల్లిస్తే లాభం కొన్న వ్యాపారికే. అసలు యజమానికీ వాటా ఇవ్వాలని వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ వాదించి ఓడిపోయాడు.

చివరికి 1790 జూన్‌లో న్యూయార్క్‌లో జెఫర్సన్ ఇంట భోజనాల దగ్గర బేరం కుదిరింది. దక్షిణాదివారు అప్పుల బిల్లుకు అడ్డు తప్పుకుంటారు, బదులుగా శాశ్వత రాజధాని పోటోమాక్ నది ఒడ్డుకు వస్తుంది. హామిల్టన్ తనను మోసం చేశాడని జెఫర్సన్ తరువాత వాపోయాడు గానీ, రాజధాని దక్కించుకున్నవాడు మోసపోయానంటే నమ్మడం నాకు కష్టం.

ఆ తరువాత 1791లో జాతీయ బ్యాంకు వచ్చింది. రాజ్యాంగంలో రాయని అధికారం కేంద్రానికి ఉందా లేదా అన్న వాదం అక్కడ మొదలైంది. అమెరికాలో అది ఇప్పటికీ ఆగలేదు. ఫ్రెంచి విప్లవంతో ఇంటి తగాదా వీధికెక్కింది. ఒక వర్గానికి ఫ్రాన్స్ ఆప్తమిత్రం, రెండో వర్గానికి ఇంగ్లండ్‌తో వ్యాపారం ప్రాణం. ఇంగ్లండ్‌తో చేసుకున్న జే ఒప్పందం 1795లో సెనేట్‌లో 20–10 ఓట్లతో, అంటే సరిగ్గా మూడింట రెండు వంతులతో గట్టెక్కింది. ఈ ఒప్పందం మీద గొడవ జరిగాక పార్టీలు లేవని బుకాయించడం ఎవరి తరమూ కాలేదు.

ఫలానా రోజున పార్టీలు పుట్టాయని చెప్పవచ్చా?

చెప్పలేం. సభ్యత్వ రుసుము, జెండా, కార్యాలయం ఏవీ లేవు. అయితే పత్రికలను చూస్తే పొగ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. ప్రభుత్వాన్ని పొగడడానికి జాన్ ఫెన్నో పత్రిక 1789 నుంచే ఉంది. దానికి విరుగుడుగా 1791లో కవి ఫిలిప్ ఫ్రెనో మరో పత్రిక పెట్టాడు. ఆ ఫ్రెనోకు విదేశాంగ శాఖలో ఏడాదికి 250 డాలర్ల అనువాదకుడి కొలువు ఇచ్చింది స్వయానా జెఫర్సన్. సర్కారు జీతం తింటూ సర్కారును తిట్టే సంపాదకుడిని మంత్రే పోషించాడు. ఇంతకంటే పార్టీ లక్షణం ఏం కావాలి?

ఫెడరలిస్టు వ్యాసాలు రాసినవారంతా ఫెడరలిస్టు పార్టీవారేనా?

కాదు. పౌరసత్వ పరీక్షకు చదివేవారు ఇక్కడే ఎక్కువగా తికమక పడతారు. 1787–88లో రాజ్యాంగాన్ని ఆమోదించమని కోరుతూ హామిల్టన్, మాడిసన్, జాన్ జే కలిసి పబ్లియస్ అన్న మారుపేరుతో 85 వ్యాసాలు రాశారు. అప్పట్లో ఆ మాటకు అర్థం కొత్త రాజ్యాంగాన్ని సమర్థించేవాడని మాత్రమే. కొన్నేళ్లకు హామిల్టన్, జే ఫెడరలిస్టు పార్టీలో నిలబడ్డారు; మాడిసన్ జెఫర్సన్‌తో కలిసి దానికి ఎదురు పార్టీ కట్టాడు. పరీక్షలో రచయిత పేరు అడిగితే ముగ్గురిలో ఎవరి పేరు చెప్పినా సరిపోతుంది.

## ఆడమ్స్ పాలన, 1800 ఎన్నిక

అధ్యక్షుడిది ఒక పార్టీ, ఉపాధ్యక్షుడిది ఎదురు పార్టీ ఎలా అయింది?

1796లో ఫెడరలిస్టు జాన్ ఆడమ్స్‌కు 71, జెఫర్సన్‌కు 68 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. అప్పటి నిబంధన ప్రకారం ఓడిన ప్రత్యర్థి నాలుగేళ్లు ఉపాధ్యక్షుడయ్యాడు. ఇద్దరికీ నరకమే.

జాన్ ఆడమ్స్ మంచి అధ్యక్షుడా, కాదా?

ఈ ప్రశ్నకు నా జవాబు ఏళ్లు గడిచేకొద్దీ ఆయనకు అనుకూలంగా మారింది. ముందు మచ్చ చెప్పాలి. ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తుందన్న భయంలో 1798లో కాంగ్రెస్ చేసిన రాజద్రోహ చట్టం మీద ఆయన సంతకం ఉంది. ప్రభుత్వం మీదగానీ, కాంగ్రెస్ మీదగానీ, అధ్యక్షుడి మీదగానీ దురుద్దేశంతో అబద్ధాలు రాస్తే రెండేళ్ల వరకు జైలు. ఈ రక్షణ పొందినవారి జాబితాలో ఉపాధ్యక్షుడు లేడు, ఎందుకంటే ఆ పదవిలో ఉన్నది జెఫర్సన్! చట్టం గడువు కూడా ఆడమ్స్ పదవీకాలం ముగిసే ముందురోజు, 1801 మార్చి 3తో తీరేలా పెట్టారు. ఎవరి కోసం చేశారో ఇక వేరే చెప్పాలా?

వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లయన్‌కు ఈ చట్టం కింద నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా పడ్డాయి. ఆయన జైల్లో ఉండగానే ఓటర్లు మళ్లీ గెలిపించారు. జనం ఇచ్చిన తీర్పు కోర్టు తీర్పుకంటే పదునుగా ఉంది.

ఇక రెండో పళ్లెం. సొంత పార్టీలో హామిల్టన్ వర్గం యుద్ధానికి ఉరకలు వేస్తుంటే, ఆడమ్స్ ఫ్రాన్స్‌కు రాయబారులను పంపి 1800లో సంధి కుదుర్చుకున్నాడు. దాంతో పార్టీ రెండుగా చీలింది, ఆయన గెలుపు అవకాశం దెబ్బతింది. యుద్ధజ్వరంలో ఉన్న సొంత మనుషులను కాదని శాంతి చేయడం ఎంత కష్టమో చరిత్రలో ఎన్నిసార్లు చూడలేదు! రాజద్రోహ చట్టానికి ఆయనను క్షమించను. అయినా వీరావేశం చూపించి గెలిచిన అధ్యక్షులకంటే ఆయనకే ఎక్కువ మార్కులు వేస్తాను.

1800లో జెఫర్సన్‌కు సొంత పార్టీవాడే అడ్డం తగిలాడంటారు, ఎలా?

పార్టీ క్రమశిక్షణ మరీ ఎక్కువ కావడం వల్ల. ఒక్కో ఎలక్టర్‌కు రెండు ఓట్లు. ఏది అధ్యక్షుడికో, ఏది ఉపాధ్యక్షుడికో రాసే వీలు లేదు. జెఫర్సన్ పార్టీ ఎలక్టర్లు అందరూ తప్పకుండా జెఫర్సన్‌కు ఒకటి, ఆరన్ బర్‌కు ఒకటి వేశారు. ఇద్దరికీ 73 వచ్చాయి. ఆడమ్స్‌కు 65. ఒక్కరైనా బర్‌కు ఓటు తగ్గించాల్సింది, ఎవరూ తగ్గించలేదు. బర్ తప్పుకుంటానని బహిరంగంగా అనలేదు.

తీర్పు ప్రతినిధుల సభకు వెళ్లింది. రాష్ట్రానికి ఒక ఓటు, 16 రాష్ట్రాల్లో 9 కావాలి. 1801 ఫిబ్రవరి 11న మొదలై 17 వరకు 36 సార్లు ఓటింగ్ జరిగింది. జెఫర్సన్‌ను జీవితమంతా ద్వేషించిన హామిల్టన్, బర్ కంటే అతడే నయమని తనవారికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరికి కొందరు ఫెడరలిస్టులు ఓటు వేయకుండా తప్పుకున్నారు. వెర్మాంట్‌లో ఇద్దరే ప్రతినిధులు. ఫెడరలిస్టు పక్కకు తప్పుకోవడంతో ఆ రాష్ట్రం ఓటు మాథ్యూ లయన్ ఒక్కడి చేతిలో పడింది. ఆడమ్స్ కాలంలో రాజద్రోహం పేరిట జైలుకు వెళ్లిన మనిషే జెఫర్సన్ గెలుపులో ఒక చెయ్యి వేశాడు. 1804లో వచ్చిన 12వ సవరణతో రెండు పదవులకూ ఓట్లు వేరుచేశారు. అదే ఏడాది జులైలో బర్ ద్వంద్వయుద్ధంలో హామిల్టన్‌ను కాల్చి చంపాడు. అప్పటికి బర్ దేశానికి ఉపాధ్యక్షుడు.

దాన్ని "1800 విప్లవం" అనడం అతి కాదా?

ఆ మాట పుట్టించింది గెలిచిన జెఫర్సనే కాబట్టి కాస్త ఉప్పు తగ్గించి తీసుకోవాలి. అయినా అధికారం రక్తం చిందకుండా ఒక పార్టీ నుంచి ఎదురు పార్టీకి చేతులు మారడం చిన్న సంగతి కాదు. ఆడమ్స్ మాత్రం తెల్లవారకముందే రాజధాని వదిలి వెళ్లిపోయాడు, ప్రమాణ స్వీకారానికి ఉండలేదు.

ఇంకో లెక్క కూడా ఉంది. రాజ్యాంగం ప్రకారం బానిసల్లో ప్రతి ఐదుగురినీ ముగ్గురిగా లెక్కగట్టి దక్షిణాది రాష్ట్రాలకు అదనపు సీట్లు, వాటితో అదనపు ఎలక్టర్లు ఇచ్చారు. ఓటు లేని మనుషుల తలల లెక్కతో వచ్చిన ఆ ఎలక్టర్లను తీసేస్తే ఆడమ్స్ గెలిచేవాడని పలువురు చరిత్రకారుల వాదన. ప్రజా విప్లవం అనే ముందు ఆ తలలను గుర్తు చేసుకోవాలి.

## జెఫర్సన్ నుంచి మన్రో దాకా

చిన్న ప్రభుత్వం చాలన్న జెఫర్సన్ లూసియానాను ఎలా కొన్నాడు?

మనసు చంపుకుని. కొత్త భూమి కొనే అధికారం రాజ్యాంగం తనకు ఇవ్వలేదని ఆయనే నమ్మాడు, అందుకు సవరణ ముసాయిదా కూడా రాసుకున్నాడు. కానీ హైతీలో బానిసల తిరుగుబాటు చేతిలో సైన్యాన్ని పోగొట్టుకున్న నెపోలియన్ అమ్మకానికి సిద్ధంగా ఉన్నాడు. ఆలస్యమైతే మనసు మార్చుకుంటాడేమోనన్న భయం. 1803లో కోటిన్నర డాలర్లకు బేరం ముగిసింది, దేశం విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. ముసాయిదా సొరుగులోనే ఉండిపోయింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు రాజ్యాంగాన్ని అక్షరం తప్పకుండా చదివి, గద్దెనెక్కాక సారాంశం చాలనుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

ఫ్రాన్స్ అమ్మింది కాగితం మీది హక్కునే. ఆ నేల మీద బతికే ఆదివాసీ జాతులను ఎవరూ అడగలేదు. ఈ కొనుగోలును ఆయన ఘనతల్లో మొదట రాసేవారు ఈ వాక్యాన్ని కూడా పక్కనే రాయాలి.

ఫెడరలిస్టు పార్టీ ఎందుకు అంతరించింది?

1812లో ఇంగ్లండ్‌తో మొదలైన యుద్ధాన్ని ఆ పార్టీ వ్యతిరేకించింది. వ్యతిరేకించడం తప్పు కాదు, ముహూర్తం చెడింది. 1814 చివర హార్ట్‌ఫర్డ్‌లో న్యూ ఇంగ్లండ్ ఫెడరలిస్టులు సమావేశమై రాజ్యాంగ సవరణలు కోరారు. వారి దూతలు వాషింగ్టన్ చేరేసరికి న్యూ ఆర్లీన్స్‌లో జాక్సన్ విజయం, ఘెంట్ శాంతి ఒప్పందం కబుర్లు ఊరంతా మోగుతున్నాయి. దూతలు దేశద్రోహుల్లా కనిపించారు. 1816లో వారి అభ్యర్థి రూఫస్ కింగ్‌కు 34 ఎలక్టోరల్ ఓట్లే వచ్చాయి, జెఫర్సన్ పార్టీ అభ్యర్థి జేమ్స్ మన్రోకు 183.

చోద్యం ఏమిటంటే, హామిల్టన్ బ్యాంకును ఒకనాడు తిట్టిపోసిన మాడిసన్ అధ్యక్షుడిగా 1816లో రెండో జాతీయ బ్యాంకుకు సంతకం చేశాడు. ఇల్లు కూలింది గానీ కలపను పక్కింటివాళ్లు మోసుకుపోయారు.

మన్రోకు ఒక్క ఓటు తగ్గింది వాషింగ్టన్ గౌరవం నిలబెట్టడానికేనా?

ఏకగ్రీవ గెలుపు వాషింగ్టన్ ఒక్కడికే మిగలాలని ఒక ఎలక్టర్ కావాలనే వేరేవారికి ఓటు వేశాడన్నది అందమైన కథ, అంతే. 1820లో మన్రోకు 231 ఓట్లు వచ్చాయి, న్యూ హాంప్‌షైర్ ఎలక్టర్ విలియం ప్లమర్ ఒక్కడే జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు వేశాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ప్లమర్‌కు మన్రో పాలన నచ్చలేదు, అసలు కారణం అదే.

ఇప్పటి రిపబ్లికన్ పార్టీ జెఫర్సన్ పెట్టినదేనా?

కాదు. జెఫర్సన్ అనుచరులు తమను రిపబ్లికన్లని పిలుచుకున్నారు. చరిత్ర పుస్తకాలు గందరగోళం లేకుండా డెమొక్రటిక్ రిపబ్లికన్లు అంటాయి. 1820లలో ఆ పార్టీ చీలింది. జాక్సన్ వెనక నడిచిన వర్గం నేటి డెమొక్రటిక్ పార్టీ అయింది. ఇప్పటి రిపబ్లికన్ పార్టీ 1854లో, బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదన్న ఉద్యమంలో పుట్టింది.

## జాక్సన్ కాలం

1824లో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన జాక్సన్ ఎందుకు ఓడాడు?

ఎక్కువ వచ్చాయి గానీ సగానికి మించి రాలేదు. జాక్సన్‌కు 99, ఆడమ్స్ కొడుకు జాన్ క్విన్సీకి 84, క్రాఫర్డ్‌కు 41, హెన్రీ క్లేకు 37. కావలసినవి 131. ప్రతినిధుల సభ మొదటి ముగ్గురిలోంచి ఎన్నుకోవాలి; నాలుగో స్థానంలో ఉన్న క్లే ఆ సభకే స్పీకర్. ఆయన మద్దతుతో క్విన్సీ ఆడమ్స్ 13 రాష్ట్రాలతో గెలిచాడు. వెంటనే క్లేను విదేశాంగ మంత్రిని చేశాడు. నిజంగా బేరం కుదిరిందో లేదో ఎవరూ రుజువు చేయలేదు, కానీ నిజాయతీపరుడైన ఆడమ్స్ ఇంత మొరటు తప్పు ఎలా చేశాడా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. "నీతిమాలిన బేరం" అన్న ఒక్క నినాదంతో జాక్సన్ 1828లో 178–83తో గెలిచాడు.

ఉద్యోగాలన్నీ తనవారికే పంచిపెట్టాడంటారు, ఎంతవరకు నిజం?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదన్న సామెత జాక్సన్ అనుచరులకు సరిగ్గా అతుకుతుంది. అయితే అందరినీ ఊడబెరికాడన్నది అతిశయోక్తి. కొలువుల్లో ఎక్కువమంది కదలలేదు. కదిలినచోట మాత్రం ఫలితం ఘోరం. న్యూయార్క్ రేవు సుంకాల అధికారిగా నియమించిన శామ్యూల్ స్వార్ట్‌వౌట్ పది లక్షల డాలర్లకు పైగా మింగి 1838లో యూరప్‌కు పరారయ్యాడు.

జాక్సన్ ప్రజాస్వామ్యవాదా, నియంతా?

రెండు మాటలూ ఆయన కాలంలోనే వినిపించాయి. శత్రువులు "ఆండ్రూ రాజు" అని కార్టూన్లు వేశారు. రాజును ఎదిరించిన ఇంగ్లండ్ పార్టీ పేరే తీసుకుని విగ్‌లమని పిలుచుకున్నారు. అభిమానులకు ఆయన అడవి అంచున పుట్టి గద్దెనెక్కిన మొదటి సామాన్యుడు. 1832లో జాతీయ బ్యాంకు గడువు పెంచే బిల్లును వీటో చేస్తూ, చట్టాలను ధనవంతులు తమకు అనుకూలంగా వంచుకుంటున్నారని ఆయన రాసిన సందేశం ఇప్పటికీ పదునుగానే ఉంటుంది. సుంకాల చట్టం తమకు చెల్లదని దక్షిణ కెరొలైనా ప్రకటిస్తే, తానూ దక్షిణాదివాడై ఉండి, సైన్యంతో వస్తానని హెచ్చరించాడు.

కానీ ఆ సామాన్యుడి పరిధి తెల్లజాతి మగవాళ్ల దగ్గరే ఆగిపోయింది. 1830 నాటి ఆదివాసుల తరలింపు చట్టం ప్రతినిధుల సభలో 102–97తో గట్టెక్కింది. ఈ అంకెను బాగా గుర్తుంచుకోండి. కాలమే అలాంటిదని సర్ది చెప్పేవారికి జవాబు ఇందులో ఉంది: ఆ కాలంలోనే 97 మంది ప్రతినిధులు వద్దన్నారు. 1838–39లో, ఆయన వారసుడు వాన్ బ్యూరన్ హయాంలో, సైనికులు చెరోకీలను ఇళ్ల నుంచి వెళ్లగొట్టి మిసిసిపీ అవతలికి నడిపించారు. వెళ్లినవారు సుమారు 16,000, దారిలోనూ శిబిరాల్లోనూ చనిపోయినవారు 4,000 వరకు ఉంటారన్నది ఎక్కువమంది వాడే అంచనా. నా తూకంలో బ్యాంకు యుద్ధం ఈ లెక్కను పూడ్చలేదు.

"మార్షల్ తీర్పు ఇచ్చాడు, ఇక ఆయనే అమలు చేసుకోనివ్వండి" అని జాక్సన్ అన్నాడా?

అన్నాడనడానికి గట్టి ఆధారం లేదు. 1832లో చెరోకీలకు అనుకూలంగా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఇచ్చిన తీర్పు గురించిన ఈ మాట మూడు దశాబ్దాలకు పైగా గడిచాక ఒక పుస్తకంలో కనిపించింది. అయితే తీర్పు చచ్చి పుట్టిందన్న అర్థంలో జాక్సన్ ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. మాట కల్పితమైనా మనసు అదే.

## తూకం వేసేటప్పుడు

అధ్యక్షుల ర్యాంకులు ఎవరిస్తారు? నమ్మవచ్చా?

1948లో హార్వర్డ్ చరిత్రకారుడు ఆర్థర్ ష్లెసింజర్ 55 మంది నిపుణులను అడిగి మొదటి పేరున్న జాబితా తయారుచేశాడు. లింకన్ మొదటివాడు, వాషింగ్టన్ రెండు, జాక్సన్ ఆరు. ఇప్పుడు ఎక్కువగా ఉటంకించేది సీ-స్పాన్ ఛానల్ సర్వే; అందులో పది అంశాలకు మార్కులు వేస్తారు.

నా సలహా ఒకటే: ర్యాంకును కాకుండా అది కదిలిన తీరును చూడండి. అదే సర్వేలో జాక్సన్ 2000లో 13, 2017లో 18, 2021లో 22. అంతర్యుద్ధం తరువాత నల్లజాతివారి ఓటు హక్కు కోసం సైన్యాన్ని దింపిన గ్రాంట్ 33 నుంచి 20కి ఎగబాకాడు. ఇద్దరూ ఎప్పుడో చనిపోయారు, కొత్తగా చేసిందేమీ లేదు. మారింది అడిగేవారి ప్రశ్న.

బానిసలు ఉన్న అధ్యక్షులను "ఆ కాలం అంతే" అని వదిలేయవచ్చా?

నేను వదలను. మొదటి పన్నెండు మంది అధ్యక్షుల్లో బానిసలు లేనివారు ఆడమ్స్ తండ్రీకొడుకులిద్దరే. బానిసత్వం మీద చర్య తీసుకోమని 1790లోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంతకంతో కాంగ్రెస్‌కు అర్జీ వెళ్లింది. వాషింగ్టన్ తన సొంత బానిసలు 123 మందిని విడుదల చేయమని వీలునామా రాశాడు. జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలను ఉంచుకున్న జెఫర్సన్ విడుదల చేసింది వేళ్ల మీద లెక్కపెట్టేంతమందిని.

ఎడ్వర్డ్ కోల్స్ అనే వర్జీనియా యువకుడి సంగతి చెప్పాలి. మాడిసన్‌కు ఆంతరంగిక కార్యదర్శి. 1814లో జెఫర్సన్‌కు ఉత్తరం రాశాడు: బానిసత్వ నిర్మూలనకు మీరు ముందు నిలవండి, నేను నా బానిసలను విడిచిపెట్టి రాష్ట్రం వదిలి వెళ్తాను అని. తాను ముసలివాడినయ్యానని, ఇది కుర్రవాళ్ల పని అని, నువ్వు మాత్రం వెళ్లవద్దని జెఫర్సన్ జవాబిచ్చాడు. కోల్స్ 1819లో ఇలినాయ్ వెళ్తూ తన బానిసలకు స్వేచ్ఛ ఇచ్చాడు, తరువాత ఆ రాష్ట్రానికి గవర్నరయ్యాడు. అదే కాలం, అదే వర్జీనియా, అదే వర్గం.

పదవి దిగాక చేసిన పనులను కూడా లెక్కలో వేయాలా?

పాలనకు మార్కులు వేసేటప్పుడు వద్దు, మనిషిని తూచేటప్పుడు వేయాలి. జాన్ క్విన్సీ ఆడమ్స్ అధ్యక్షుడిగా విఫలుడే. ఓడిన రెండేళ్లకు మామూలు ప్రతినిధిగా నెగ్గి 1831 నుంచి 17 ఏళ్లు సభలో కూర్చున్నాడు. బానిసత్వం మీద అర్జీలను చర్చకు రానివ్వని నిబంధనతో ఏళ్ల తరబడి పోరాడి 1844లో రద్దు చేయించాడు. బానిసలుగా తీసుకెళ్తుంటే అమిస్టాడ్ ఓడ మీద తిరగబడిన ఆఫ్రికన్ల పక్షాన 1841లో సుప్రీంకోర్టులో వాదించాడు. 1848లో సభలోనే కుప్పకూలి, రెండు రోజులకు ఆ భవనంలోనే కన్నుమూశాడు.

ఈ అధ్యక్షులు తమను తాము ఎలా తూచుకున్నారు?

తమ సమాధి మీద ఏం రాయాలో ఆలోచించిన ఇద్దరి సంగతి తెలుసు. పెద్ద ఆడమ్స్ ఒక ఉత్తరంలో, 1800లో ఫ్రాన్స్‌తో శాంతి బాధ్యతను తన మీద వేసుకున్నవాడు ఇక్కడ ఉన్నాడు అన్న ఒక్క మాట చాలన్నాడు. జెఫర్సన్ మూడు పనులు ఎంచుకున్నాడు: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం, వర్జీనియా విశ్వవిద్యాలయం. ఇంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయవద్దని కూడా చెప్పాడు. రాయి మీద అధ్యక్ష పదవి లేదు, పార్టీ లేదు, లూసియానా కూడా లేదు. ఇద్దరూ 1826లో ఒకే రోజున, జులై 4న పోయారు.